సైలేజి సీజన్‌లో ట్రాక్టర్లు, యంత్రాలు: కోత నుంచి పాతర మూసేదాకా పని క్రమం

సైలేజి అంటే పచ్చిమేతను ముక్కలు చేసి, గాలి లేకుండా పాతరలో అణచి, పులియబెట్టి నిల్వ చేసేది. మొక్కజొన్న సైలేజి గురించి పాడి రైతులు అడిగే ప్రశ్నల్లో సగం యంత్రాల మీదే ఉంటాయి. ఎన్ని ట్రాక్టర్లు కావాలి, పంటను కోసి ముక్కలు చేసే హార్వెస్టర్ ఎప్పుడు పిలవాలి, పాతర మీద ట్రాక్టర్ ఎలా నడపాలి అని. ఇరవై పశువులున్న పాడి రైతును దృష్టిలో పెట్టుకుని ఆ క్రమమంతా ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్తాను. చాలామంది హార్వెస్టర్ దొరికిన తేదీ చూసుకుని మిగతా పనులు దాని చుట్టూ సర్దుతారు. అది తలకిందుల పద్ధతి. పాతరను తొక్కే ట్రాక్టర్ ఎంత గడ్డిని (అంటే ముక్కలు చేసిన మేతను) గట్టిగా అణచగలదో అంతే కోయాలి. గడ్డి చెడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

## 1. ముందు పశువుల లెక్క, తర్వాత పాతర కొలత

ఒక్కో పెద్ద పశువుకు రోజుకు 20 కిలోల సైలేజి అనుకుందాం. ఇరవై పశువులకు రోజుకు 400 కిలోలు. మార్చి నుంచి జూన్ దాకా 120 రోజులకు 48 టన్నులు. తరుగు 15 శాతం కలిపితే 55 టన్నులు. నీటి వసతి ఉన్న పొలంలో ఎకరానికి 15 టన్నుల పచ్చిమేత వస్తుందనుకుంటే దాదాపు నాలుగు ఎకరాలు కావాలి.

బాగా తొక్కిన సైలేజి ఘనపు మీటరుకు 600 కిలోలు తూగుతుంది. అంటే 55 టన్నులకు సుమారు 92 ఘనపు మీటర్ల చోటు.

పొడవు, వెడల్పు ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు. మన ఎండలకు పాతర తెరిచాక రోజుకు కనీసం 15 సెంటీమీటర్ల మందం తీసి వాడకపోతే ముఖభాగం వేడెక్కి బూజు పడుతుంది. రోజుకు 400 కిలోలు వాడే రైతుకు 3 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు సరిపోతుంది. పొడవు 20 మీటర్లకు కాస్త పైన పెట్టుకోండి.

ఐదారు గేదెలున్నవాళ్లు ఈ లెక్క వేస్తే పాతర వెడల్పు మీటరు చుట్టూ వస్తుంది. అందులో ట్రాక్టర్ పట్టదు. అలాంటివాళ్లు పాతర జోలికి వెళ్లకుండా గాలి చొరబడని సంచుల్లో నింపుకోవడం, లేదా చుట్టిన బేళ్లు కొనుక్కోవడం మేలు. వెడల్పు పాతర తవ్వి రోజుకు ఐదు సెంటీమీటర్లు గీరుకుంటూ పోతే సగం పారేయాల్సిందే.

## 2. యంత్రాల లెక్క తొక్కుడు ట్రాక్టర్‌తో మొదలుపెట్టండి

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటి ఉంది: గంటకు పాతరలోకి వచ్చే ప్రతి టన్ను గడ్డికి 400 కిలోల ట్రాక్టర్ బరువు కావాలి.

45–50 హెచ్‌పీ ట్రాక్టర్ దాదాపు 2.2 టన్నులుంటుంది. ముందు ఇనుప బరువులు కట్టి, వెనక టైర్లలో నీళ్లు నింపితే ఇంకాస్త పెరుగుతుంది. అంటే అది గంటకు ఐదారు టన్నులే అణచగలదు. ట్రాక్టర్‌కు తగిలించే ఒక సాలు హార్వెస్టర్ గంటకు కోసేదీ సుమారు అంతే. కాబట్టి ఈ జత కుదురుతుంది.

సొంతంగా నడిచే పెద్ద హార్వెస్టర్‌ను కిరాయికి తెస్తే గంటకు 25 టన్నులు దాటిపోతుంది. దానికి 10 టన్నుల బరువు తొక్కుతూ ఉండాలి. అంత ఏర్పాటు లేకపోతే ఆ యంత్రాన్ని తేవద్దు. కోత గంటల్లో అయిపోయిందన్న సంతోషం మిగులుతుంది కానీ, పాతరలో గాలి అలాగే ఉండిపోతుంది.

ఇరవై పశువుల రైతుకు కావలసినవి:

- హార్వెస్టర్ లాగడానికి 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఒకటి. క్రీపర్ గేరు (చాలా నెమ్మదిగా నడిపే గేరు) ఉంటే చాలా సుఖం.
- జాలీతో గోడలు ఎత్తించిన ట్రక్కు (ట్రాలీ), దాన్ని లాగే ట్రాక్టర్. పొలం కిలోమీటరు దాటి ఉంటే రెండు జతలు.
- తొక్కడానికి మాత్రమే ఒక ట్రాక్టర్. దీన్ని మధ్యలో వేరే పనికి పంపకూడదు.
- గడ్డి పరచడానికి ముగ్గురు నలుగురు మనుషులు, పారలు, ముళ్ల గరిటెలు.

## 3. పాతర చోటు

గోదావరి, కృష్ణా డెల్టాలో నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి గుంత తవ్వొద్దు. నేల మీదే రెండు వైపులా గోడలు కట్టుకోండి. తెలంగాణ, రాయలసీమ మెట్ట నేలల్లో గుంత తవ్వుకోవచ్చు. అక్కడ కూడా వాన నీరు వచ్చే వాలు చూసుకుని ఎగువన చిన్న కాలువ తీయాలి.

అడుగు ఒక చివరకు కొద్దిగా వాలుగా ఉండాలి. గోడలకు లోపలి వైపు ప్లాస్టిక్ పట్టా వేలాడదీయండి, చివరలో దాన్నే పైకి మడవచ్చు. పాతర ముందు ట్రక్కు తిరగడానికి గట్టి నేల, వీలైతే సిమెంటు గచ్చు ఉండాలి. టైర్లకు అంటిన బురద పాతరలోకి వెళ్తే గడ్డి కుళ్లు వాసన కొడుతుంది.

పైన కరెంటు తీగలున్నాయేమో తలెత్తి చూడండి. హైడ్రాలిక్ ట్రక్కు లేచినప్పుడు దాని అంచు ఎంత ఎత్తుకు వెళ్తుందో ఖాళీ ట్రక్కుతో ముందే కొలుచుకోండి. పొలాల మీద సాగిన 11 కేవీ తీగ కింద ట్రక్కు ఎత్తే పని పెట్టుకోవద్దు.

## 4. వారం ముందు యంత్రాల తనిఖీ

- హార్వెస్టర్ బ్లేళ్లు సానపట్టాలి. బ్లేడుకూ ఎదుటి పట్టీకీ మధ్య సందు యంత్రం పుస్తకంలో చెప్పినంతే ఉండాలి. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది. డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది.
- పీటీఓ షాఫ్ట్ (ట్రాక్టర్ ఇంజన్ శక్తిని హార్వెస్టర్‌కు అందించే తిరిగే కడ్డీ) మీది ప్లాస్టిక్ గొట్టం పగలకుండా, దాని గొలుసు కట్టి ఉండాలి.
- షాఫ్ట్ కీళ్లలోని క్రాసులకు గ్రీజు పెట్టాలి. సీజన్‌లో రోజూ పెట్టాలి.
- షియర్ బోల్టులు (భారం మించితే ముందు తామే తెగి యంత్రాన్ని కాపాడేవి) అరడజను కొని ఉంచుకోండి. తెగినప్పుడు దొరికిన గట్టి బోల్టు వేయవద్దు. అది తెగదు, దాని బదులు గేర్‌బాక్స్ పోతుంది.
- రేడియేటర్ జాలీ, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయాలి.
- ట్రక్కు కొక్కెం పిన్ను, దానికి లాక్ పిన్ను, అదనంగా గొలుసు ఉండాలి.
- ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, పనిచేసే లైట్లు ఉండాలి.
- బ్రేకు పెడళ్లు రెండూ కలిపే కొక్కెం పనిచేయాలి.
- పట్టా, టేపు, పాత టైర్లు, ఇసుక బస్తాలు పాతర దగ్గరకు చేరాలి. కోత రోజున పట్టా కోసం ఊరికి పరిగెత్తే పరిస్థితి రాకూడదు.

## 5. కోత రోజు ఎలా తేల్చుకోవాలి

రోజుల లెక్క ఉజ్జాయింపే. రకాన్ని, కాలాన్ని బట్టి విత్తాక 85 నుంచి 95 రోజుల మధ్య కోతకు వస్తుంది. గింజను చూసి నిర్ణయించండి.

కంకిని మధ్యకు విరిచి, కొన వైపు ముక్కలో గింజలు చూడండి. మొలక లేని నున్నటి వైపు పసుపు, తెలుపు కలిసే గీత కనిపిస్తుంది. అది గింజ పైనుంచి సగం దాకా దిగితే కోతకు సిద్ధం. మూడింట రెండు వంతులు దిగేలోపు పూర్తి చేయాలి. అప్పుడు పొడి పదార్థం (నీరు పోగా మిగిలేది) 30–35 శాతం ఉంటుంది.

దీనికి తోడు పిడికిలి పరీక్ష చేయండి. నాలుగు మొక్కలు ముక్కలు చేసి, గుప్పెడు తీసుకుని అర నిమిషం గట్టిగా పిసికి వదలాలి.

- వేళ్ల మధ్య రసం కారితే మూడు నాలుగు రోజులు ఆగాలి.
- ఉండ మెల్లగా విచ్చుకుని, చెయ్యి మాత్రం తడిగా ఉంటే వెంటనే కోయాలి.
- ఉండ కట్టకుండా రాలిపోతే ఆలస్యమైంది. ముక్క సైజు తగ్గించి, ఇంకా ఎక్కువ తొక్కాలి.

సూపర్ నేపియర్ లాంటి గడ్డిలో నీరెక్కువ, తీపి తక్కువ. కోసి కొంత వడలనిచ్చి, టన్నుకు 20–30 కిలోల మొలాసిస్ (చక్కెర మడ్డి) కలిపి వేయాలి. సరైన దశలో కోసిన మొక్కజొన్నకు బెల్లం నీళ్లు, ఉప్పు ఏవీ అక్కర్లేదు. ఆ డబ్బు మంచి పట్టాకు పెట్టండి.

కత్తెర పురుగుకు మందు కొట్టి ఉంటే డబ్బా మీద రాసిన విరామం పూర్తయ్యాకే కోయాలి. కోతకు వారం, పది రోజుల ముందు నీళ్లు ఆపేయండి. నల్లరేగడిలో ఇది మరీ ముఖ్యం, లేకపోతే నిండు ట్రక్కు దిగబడిపోతుంది.

## 6. పీటీఓ దగ్గర మినహాయింపు లేని నియమాలు

పీటీఓ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. బట్ట అంచు చిక్కితే వెనక్కి లాక్కునే సమయం మనిషికి ఉండదు. కట్టుకున్న లుంగీ, మెడలో తువ్వాలు, చున్నీ, చీర కొంగు, చేతి దారాలు ఏవైనా చాలు. నాకు ఈ సీజన్‌లో అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే.

- యంత్రం దగ్గర పనిచేసేవాళ్లు ప్యాంటు, బిగుతు చొక్కా వేసుకోవాలి. తువ్వాలు తలకు చుట్టి దోపాలి, లేదా ఇంట్లో పెట్టి రావాలి.
- తిరిగే షాఫ్ట్ మీదుగా దాటకూడదు. ట్రాక్టర్ చుట్టూ తిరిగే వెళ్లాలి.
- యంత్రం గొంతులో గడ్డి ఇరుక్కుంటే పీటీఓ ఆపి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకోవాలి. బ్లేళ్ల చక్రం ఇంజన్ ఆగాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగిందని కళ్లతో చూశాకే కర్రతోనో ఇనుప కొక్కెంతోనో లాగాలి.
- పిల్లలను యంత్రం దగ్గరకు రానివ్వకండి. ట్రాక్టర్ మడ్గార్డ్ మీద ఎవరినీ కూర్చోబెట్టవద్దు.

ఎవరైనా చిక్కుకుంటే ముందు ఇంజన్ ఆపాలి, తర్వాత 108కి ఫోన్ చేయాలి. ఈ రెండూ అక్కడున్న ప్రతి కూలీకీ తెలిసి ఉండాలి. పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి, ఇంజన్ ఎలా ఆపాలో చూపించండి. రెండు నిమిషాల పని.

## 7. పొలంలో కోత

ట్రాక్టర్ తిరగడానికి పొలం చివర్లలో మూడు నాలుగు మీటర్లు ముందు రోజే కొడవలితో కోయించండి. ఆ మేతను చాఫ్ కట్టర్‌లో వేసి పశువులకు పెట్టవచ్చు. ఇలా చేయకపోతే తొలి చుట్టులోనే కొంత పంట టైర్ల కింద నలిగిపోతుంది.

నేల నుంచి 15–20 సెంటీమీటర్ల పైన కోయాలి. ఇంకా కిందకు దించితే నాలుగు బస్తాలు ఎక్కువ వస్తాయేమో కానీ మట్టి కూడా వస్తుంది. పంట ఎండకు బెట్టపడి ఉంటే 30 సెంటీమీటర్లు వదలండి, పశువుకు హాని చేసే నైట్రేటు కింది కాండంలోనే ఎక్కువ చేరుతుంది.

ముక్క సైజు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. ప్రతి రెండు మూడు ట్రక్కులకు గుప్పెడు తీసి చూడండి. గింజలు చితికి ఉండాలి. నిండు గింజలు కనిపిస్తే అవి పేడలో అలాగే బయటికి వస్తాయి.

ట్రక్కులో నిలబడి గడ్డి సర్దే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. మాన్పించండి. హార్వెస్టర్ గొట్టం నుంచి రాయి వచ్చినా, బోల్టు వచ్చినా నేరుగా మొహానికే తగులుతుంది. పొలంలో కంచె తీగ ముక్కలుంటే ముందే ఏరించాలి. బ్లేళ్లు పోవడం ఒక నష్టం. ముక్కలైన తీగ గేదె కడుపులోకి వెళ్లి గుండె దాకా గుచ్చుకోవడం అంతకన్నా పెద్ద నష్టం.

గంటకోసారి ఆపి రేడియేటర్ జాలీ మీద పేరుకున్న నుసి దులపండి. సైలెన్సర్ చుట్టూ చేరే ఎండు ఆకు నిప్పు అంటుకుంటుంది. రెండు బిందెల నీళ్లు దగ్గరే ఉంచండి.

## 8. రోడ్డు మీద

నిండు ట్రక్కుకు చాలాచోట్ల సొంత బ్రేకులుండవు. ఆపే భారమంతా ట్రాక్టర్ మీదే.

- రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లు కలిపి లాక్ చేయాలి. ఒక్క చక్రమే పట్టుకుంటే ట్రాక్టర్ తిరిగిపోతుంది.
- వాలులో డీజిల్ ఆదా కోసం న్యూట్రల్‌లో వదలొద్దు. ఎక్కేటప్పుడు వాడే గేరులోనే దిగాలి.
- లోడు మీద మనుషులు కూర్చోకూడదు.
- చీకటి పడ్డాక లైట్లు లేని ట్రక్కును రోడ్డు పక్కన ఆపొద్దు. వెనక నుంచి వచ్చే బైకు మనిషికి అది కనిపించదు.

## 9. తొక్కడం

గడ్డి చెడినా బాగున్నా ఇక్కడే తేలుతుంది.

పరచడం. గడ్డిని పాతర చివరి గోడ నుంచి ఏటవాలుగా పరుస్తూ ముందుకు రావాలి. ఒక్కో పొర 15 సెంటీమీటర్లు మించకూడదు. ట్రక్కు లోడంతా ఒకేచోట కుమ్మరించి దాని మీద ట్రాక్టర్ ఎక్కిస్తే పైన గట్టిపడుతుంది, లోపల మెత్తగానే ఉండిపోతుంది.

నడపడం. మనిషి నడక వేగం చాలు. ప్రతిసారీ టైరు వెడల్పు మేర పక్కకు జరుపుతూ, ప్రతి చోటా మూడు నాలుగు సార్లు టైరు పడాలి. కేజ్ వీల్స్ (దమ్ముకు వాడే ఇనుప చక్రాలు) వాడొద్దు. మామూలు టైర్లలో గాలి కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితికి దగ్గరగా ఉంచితే అణచివేత బాగుంటుంది.

అంచులు. గోడ పక్క అడుగు మేర టైరు చేరదు. అక్కడ మనుషులు కాళ్లతో, దిమ్మిసతో అణచాలి. అది ట్రాక్టర్ బయటికి వెళ్లి ఆగాకే. ట్రాక్టర్ కదులుతున్నప్పుడు పాతరలో ఒక్క మనిషి కూడా ఉండకూడదు. ఒకరికి ఈల ఇచ్చి బయట నిలబెట్టండి. ఈల వేస్తే ట్రాక్టర్ ఆగాలి, మళ్లీ వేస్తే కదలాలి.

వాలు. గడ్డి వాలు నిటారుగా పెంచొద్దు. ఒక మీటరు ఎత్తుకు కనీసం మూడు మీటర్ల పొడవు ఉండాలి. రివర్స్‌లో ఎక్కి, ముందుకు దిగడం క్షేమం. ముఖం పైకి పెట్టి ఎక్కితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి పడే ప్రమాదం ఉంది. గోడ ఎత్తు దాటాక అంచుల దగ్గర తొక్కవద్దు. మట్టి గుంత అయితే ట్రక్కును అంచుకు మీటరున్నర దూరంలోనే ఆపాలి, అంచు విరిగిపడుతుంది. డ్రైవర్ అనుభవం ఉన్నవాడై ఉండాలి. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి ఈ పని ఇవ్వకండి.

పరీక్ష. వేళ్లు నిటారుగా పెట్టి పొరలోకి పొడవండి. మొదటి కణుపు దాటకపోతే బాగా అణిగినట్టు. చెయ్యంతా దిగిపోతే హార్వెస్టర్ డ్రైవర్‌కు ఫోన్ చేసి ఆపమనండి. తొక్కుడు అందుకున్నాకే మళ్లీ కోత. కిరాయి గంటలు పోతున్నాయని బాధగానే ఉంటుంది, కానీ ఆ గంట కిరాయికన్నా చెడిపోయే మేత ఖరీదెక్కువ.

కోత రెండు రోజులు పడితే మొదటి రోజు రాత్రి పట్టా కప్పి బరువులు పెట్టాలి. పొద్దున కొత్త గడ్డి వేయకముందే పాత పొర మీద ట్రాక్టర్ ఎక్కించవద్దు, తొక్కినప్పుడల్లా అది గాలి పీల్చుకుంటుంది. మొదటి లోడు పరిచాకే తొక్కడం మొదలుపెట్టండి.

## 10. మూత

చివరి లోడు అణిగిన వెంటనే, అదే పూట మూయాలి. మధ్యభాగం కొంచెం ఎత్తుగా ఉంటే వాన నీరు నిలవదు. గోడల పట్టాలు పైకి మడిచి, వాటి మీద 150–200 మైక్రాన్ల నలుపు తెలుపు పట్టా తెలుపు వైపు పైకి వచ్చేలా కప్పాలి. పాత టైర్లు ఒకదానికొకటి తగిలేలా పేర్చండి. అంచుల మీద ఇసుక బస్తాలు వరుసగా పెట్టాలి.

వారానికోసారి చుట్టూ తిరిగి చూడండి. ఎలుక బొక్క, కుక్క గోరు చిరుగు కనిపిస్తే అప్పటికప్పుడు టేపు వేయాలి.

## 11. తొలి మూడు వారాలు: గ్యాస్

మూసిన కొద్ది గంటల నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ పుట్టవచ్చు. మొదటి మూడు రోజులు ఎక్కువ, మూడు వారాల దాకా జాగ్రత్త అవసరం. యూరియా ఎక్కువ వేసిన పంట, బెట్టకు గురైన పంట అయితే మరింత. పసుపు–గోధుమ రంగు పొగలా ఉంటుంది, బ్లీచింగ్ పౌడర్ లాంటి ఘాటు వాసన వస్తుంది. గాలికన్నా బరువు కాబట్టి గుంత అడుగున, పల్లంలో నిలుస్తుంది.

అది కనిపిస్తే మనుషులను, పశువులను గాలికి ఎదురు దిశగా దూరం తీసుకెళ్లాలి. గుంతలో ఎవరైనా పడిపోతే మీరు దిగవద్దు, దిగినవాళ్లూ పడిపోతారు. 108కి ఫోన్ చేయండి. ఆ పొగ పీల్చినవాళ్లు బాగానే ఉన్నామన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల వాపు గంటల తర్వాత బయటపడవచ్చు.

## 12. తెరిచాక కనిపించే లోపాలు, వాటి మందు

45 రోజుల తర్వాత ఒక చివర తెరవండి. లేత పసుపు–ఆకుపచ్చ రంగు, పుల్లటి వాసన ఉంటే మంచి గడ్డి.

- కుళ్లిన వెన్న వాసన, జిగురు: తడి గడ్డి కోశారు, లేదా మట్టి కలిసింది. ఆ భాగం పారేయండి. వచ్చేసారి కోత ఎత్తు పెంచి, మూడు రోజులు ఆగి కోయండి.
- ముదురు గోధుమ రంగు, పొగాకు వాసన: ఎండిపోయిన పంట, లేదా తొక్కుడు చాలలేదు. పశువు తింటుంది కానీ మాంసకృత్తులు చాలావరకు అరగవు. దాణాలో ఆ లోటు పూడ్చాలి.
- పైన అరచెయ్యి మందం బూజు: మూత ఆలస్యమైంది, లేదా చిరిగింది. బూజు ముక్క ఒక్కటి కూడా పశువుకు పెట్టవద్దు, చూడి పశువుకు అసలే వద్దు.
- ముఖభాగం చేతికి వేడిగా తగలడం: రోజూ తీసే మందం చాలడం లేదు. ఎక్కువ పశువులకు పెట్టండి, లేదా పక్క రైతుకు కొంత అమ్మండి.
- అడుగు నుంచి రసం కారడం: పంటలో నీరెక్కువ. ఆ రసం బావిలోకో చెరువులోకో చేరకుండా గుంత తీసి పట్టాలి.

గడ్డిని పైనుంచి కిందకు నిలువుగా గీరి తీయాలి. మధ్యలో తవ్వి గుహలా చేస్తే పైభాగం మనిషి మీద కూలుతుంది. కొత్తమేత ఒక్కసారిగా మార్చకుండా మొదటి రోజు ఐదు కిలోలతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకురండి. పాలు పితికాక పెట్టండి, లేకపోతే సైలేజి వాసన పాలకు పడుతుంది.